జనవరి 1న మీ కారు విలువెంత?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఉత్తర వర్జీనియాలో ఉంటాం. 2024 నవంబర్‌లో ఒక 2022 మోడల్ ఎలక్ట్రిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో 26,900 డాలర్లకు కొన్నాం. ఇప్పుడు కౌంటీ నుంచి 2025 కార్ టాక్స్ బిల్లు వచ్చింది. అందులో కారు విలువ 31,200 అని వేశారు, కట్టాల్సింది వెయ్యి డాలర్ల పైనే. మేం కొన్నదానికంటే నాలుగు వేలు ఎక్కువ ఎలా వేస్తారు? కారు ఇప్పటికే 81 వేల మైళ్లు తిరిగింది. మార్చిలో ఎవరో పార్కింగ్‌లో వెనక డోర్ గుద్దేసి పోయారు, ఇంకా బాగు చేయించలేదు. జనవరి మొదట్లోనే నాలుగు టైర్లూ మార్పించాల్సి వచ్చింది, అదో ఖర్చు. హైదరాబాద్‌లో మా తమ్ముడు ఎలక్ట్రిక్ కారు కొంటే రోడ్ టాక్స్ రూపాయి కూడా కట్టలేదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఎలక్ట్రిక్ కార్లకి టాక్స్ లేదని రాయండి, తీసేస్తారు" అన్నారు. మా ఆయనేమో "గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం, కౌంటీతో గొడవ మనకెందుకు, కట్టేయ్" అంటున్నారు. అక్టోబర్ 5 గడువు. ఏం చేయమంటారు? బిల్లు ఫొటో జత చేశాను.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ ఆయన భయం సంగతి చూద్దాం. మీ ఇంట్లో అప్పీల్‌ని ఆపుతున్నది అదే కదా. కౌంటీ వేసిన విలువ తప్పనిపిస్తే సరిచేయమని అడగడం టాక్స్ కట్టే ప్రతి ఒక్కరికీ ఉన్న మామూలు హక్కు. ఇళ్ల మీద, కార్ల మీద ఇక్కడివాళ్లు ఏటా అడుగుతూనే ఉంటారు. దానికీ ఇమిగ్రేషన్‌కీ సంబంధం లేదు. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే కట్టాల్సింది కట్టకుండా వదిలేసినప్పుడు. గడువు దాటితే మామూలుగా పది శాతం పెనాల్టీ, ఆపైన వడ్డీ. అప్పటికీ కట్టకపోతే కౌంటీ డీఎంవీకి (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర శాఖ) చెప్పి మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపించేస్తుంది. అందుకని అప్పీల్ పంపినా పంపకపోయినా అక్టోబర్ 5 లోపు బిల్లు మొత్తం కట్టేయండి. మీ మాట నెగ్గితే తేడా డబ్బు వెనక్కి వస్తుంది. "అప్పీల్ తేలాక కడదాంలే" అనుకుని ఆగి, పెనాల్టీ కట్టి, చివరికి గెలిచిన వంద డాలర్లూ దానికే పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక వాట్సాప్ సలహా. అది పక్కన పెట్టేయండి. వర్జీనియాలో ఎలక్ట్రిక్ కారుకి ఈ టాక్స్ మాఫీ ఏమీ లేదు. ఆయన దేన్ని దేంతో కలిపేశారో ఊహించగలను. కొత్త ఎలక్ట్రిక్ కారు కొంటే ఫెడరల్ ప్రభుత్వం 7,500 డాలర్ల దాకా ఇచ్చే టాక్స్ క్రెడిట్ ఒకటి ఉండేది, పాతదానికి 4,000 దాకా. 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొన్నవాటికి అదీ లేదు. అది ఇన్‌కమ్ టాక్స్ వ్యవహారం. రిజిస్ట్రేషన్‌తో పాటు డీఎంవీ వసూలు చేసే హైవే యూజ్ ఫీజు మరొకటి. మనం పెట్రోలు కొట్టించం కాబట్టి పెట్రోలు మీద రావాల్సిన పన్నుకి బదులుగా 2020 నుంచి తీసుకుంటున్నారు. అది రాష్ట్రానిది. మీ చేతిలో ఉన్నది కౌంటీ వేసే పర్సనల్ ప్రాపర్టీ టాక్స్. ఈ మూడూ మూడు వేర్వేరు గుమ్మాలు. కౌంటీకి రాసే కాగితంలో "ఎలక్ట్రిక్ కారు పర్యావరణానికి మంచిది" అనే మాట ఎక్కడా రాయకండి. చదివేవాళ్లు దానికి చేయగలిగింది ఏమీ లేదు. ఎలక్ట్రిక్ కార్లకి వేరే తరగతి పెట్టి తక్కువ రేటు వేసుకునే వీలు రాష్ట్ర చట్టం కౌంటీలకి ఇచ్చింది. మీ కౌంటీ దాన్ని వాడుకుందో లేదో ఒక ఫోన్‌తో తెలిసిపోతుంది, అడగండి. అది రేటు సంగతి. రేటు పెట్టేది కౌంటీని నడిపే బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్. అప్పీల్‌లో వాదించేది విలువ గురించే.

మీ తమ్ముడి విషయం కూడా అంతే. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 ఆఖరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేశారు. మన ఊళ్లలో లైఫ్ టాక్స్ అంటే కొన్నరోజు ఒక్కసారి కట్టి మర్చిపోయేది. అది అలవాటైన మనకి, సొంత కారు మీద ఏటా ఇంటిపన్నులా బిల్లు రావడం వింతగానే ఉంటుంది. నాకైతే మొదటి ఏడాది అది ఎవరో మోసగాళ్లు పంపిన కాగితం అనిపించింది. నిజంగానే చెత్తబుట్టలో వేశాను. ఇక్కడివాళ్లకీ ఇది నచ్చిందేమీ కాదు. 1997లో జిమ్ గిల్మోర్ "కార్ టాక్స్ వద్దు" అన్న ఒక్క నినాదం మీద గవర్నర్‌గా గెలిచాడు. 1998లో చట్టం వచ్చింది. దాని ఫలితమే మీ బిల్లు మీద "రిలీఫ్" అని ఉండే చిన్న వరుస. సొంతానికి వాడే కారైతే మొదటి 20,000 డాలర్ల విలువ మీద పడే టాక్స్‌లో కొంత శాతం రాష్ట్రం భరిస్తుంది. రాష్ట్రమంతటికీ కలిపి ఏడాదికి 95 కోట్ల డాలర్లని గిరి గీసేశారు. కార్ల విలువలు పెరిగినా ఆ మొత్తం పెరగదు కాబట్టి మన వాటా శాతం తగ్గుతూ వచ్చింది.

ఆ వరుస మీ బిల్లులో ఉందా అనే ఫొటోలో ముందు చూశాను. ఉంది, బాగానే ఉంది. లేకపోతే మాత్రం మొట్టమొదట దాని మీదే అడగమనేదాన్ని. కారు బిజినెస్‌కి వాడుతున్నట్టు పొరపాటున నమోదైతే రిలీఫ్ పోతుంది, అది విలువ తేడా కంటే పెద్ద దెబ్బ.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో మీరు గట్టిగా చెప్పిన మూడు మాటలూ బలహీనమైనవి. మాట వరసకి అన్న ఒక్క మాటే బలమైనది.

కొన్న ధర 26,900. మీకిది బ్రహ్మాస్త్రంలా కనిపిస్తోంది. కానీ కారు కొన్నప్పుడు డీఎంవీలో కట్టిన 4.15 శాతం సేల్స్ టాక్స్‌కే కొన్న ధర లెక్క. ఏటా వచ్చే ఈ టాక్స్‌కి లెక్క జనవరి 1 నాటి మార్కెట్ విలువ. దాన్ని అందరికీ ఒకే కొలతతో కొలవాలి కాబట్టి, పేరున్న ధరల పుస్తకం ఏదో ఒకటి వాడమని రాష్ట్ర చట్టమే చెబుతోంది. చాలా కౌంటీలు వాడేది జె.డి. పవర్ వాళ్లది. మీరు బేరమాడి చవగ్గా కొన్నా, పక్కింటాయన ఎక్కువ పెట్టి కొన్నా, పుస్తకంలో ఇద్దరి కారూ ఒకటే. ఇంకో వెబ్‌సైటులో తక్కువ ధర ఉందని ప్రింటు తీసి పంపినా అదే జవాబు వస్తుంది. కొన్న బిల్లు పంపకూడదని కాదు. పంపండి, కానీ అన్నిటికంటే అడుగున పెట్టండి.

వెనక డోరు. మార్చిలో తగిలింది. జనవరి 1న మీ డోరు నిక్షేపంగా ఉంది. కాబట్టి ఈ బిల్లుకి అది పనికిరాదు. వచ్చే జనవరి 1 నాటికి కూడా బాగు చేయించకుండా ఉంటే అప్పుడు ఫొటోలు, బాడీ షాపు ఎస్టిమేటు పెట్టి అడగొచ్చు. దాని కోసమని సొట్ట డోరుతో తిరగమని చెప్పట్లేదు!

81 వేల మైళ్లు. ఇది వినడానికి బాగుంది గానీ ఇది ఇవాళ్టి అంకె. జనవరి 1న ఎంత అన్నదే ప్రశ్న. మీరు ఫారంలో 81,000 అని రాస్తే, పక్కన ఆధారం పెట్టలేకపోతే, ఆ ఫారం వెనక్కి వస్తుంది. లేదా కౌంటీవాళ్లు వాళ్ల దగ్గరున్న పాత రీడింగ్ చూసి మీ మాట నమ్మడం మానేస్తారు.

మరి బలమైన మాట ఏది? టైర్లు. జనవరి మొదట్లో నాలుగు టైర్లు మార్పించామని ఖర్చుల చిట్టాలో ఒకటిగా రాశారు. ఆ షాపు రసీదు వెతకండి. టైర్ల షాపువాళ్లు మామూలుగా పని మొదలుపెట్టే ముందు ఓడోమీటర్ అంకె రసీదు మీద ఎక్కిస్తారు. తేదీ, మీ కారు నంబరు, మైళ్లు, మూడూ ఒకే కాగితం మీద, అదీ మీకు సంబంధం లేని మూడో మనిషి ముద్రించింది. కౌంటీకి కావాల్సింది సరిగ్గా ఇదే. పెట్రోలు కార్లవాళ్లకి ఇది తేలిక. కొన్ని నెలలకోసారి ఆయిల్ మార్పిస్తారు కాబట్టి జనవరికి దగ్గర్లో ఏదో ఒక రసీదు ఉంటుంది. మనకి ఆయిల్ లేదు, పొల్యూషన్ టెస్టు కూడా లేదు. చాలామంది ఎలక్ట్రిక్ కారు యజమానులు మైలేజ్ అప్పీల్‌లో ఆగిపోయేది ఇక్కడే. కారు నిజంగానే బాగా తిరిగి ఉంటుంది, కానీ ఎంత వెతికినా జనవరికి దగ్గర్లో మైళ్లు రాసిన కాగితం దొరకదు. మీ అదృష్టం బాగుండి మీ టైర్లు సరైన సమయంలో అరిగాయి.

దానికి జతగా ఇంకో కాగితం కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. వర్జీనియాలో డీలరు పాత కారు అమ్మేముందు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ చేయించి అమ్మాలి. ఆ రసీదు మీద కూడా మైళ్లు ఉంటాయి. కొన్నప్పుడు సంతకం పెట్టిన ఓడోమీటర్ కాగితం మీదా ఉంటుంది. ఉదాహరణకి నవంబర్ కాగితంలో 66,400, జనవరి టైర్ల రసీదులో 68,900 ఉన్నాయనుకోండి. మధ్యలో జనవరి 1న ఎంతో ఎవరైనా చెప్పగలరు. మామూలుగా కార్లు ఏడాదికి 12 నుంచి 15 వేల మైళ్లు తిరుగుతాయి. మూడేళ్లకి దాదాపు 70 వేలంటే చాలా ఎక్కువ. ధరల పుస్తకంలోనే ఎక్కువ మైళ్ల కార్లకి ఎంత తగ్గించాలో ఒక పట్టిక ఉంటుంది. మీరు అడిగేది దయ కాదు, ఆ పట్టిక మీకూ వర్తింపజేయమని. చాలా కౌంటీల వెబ్‌సైటుల్లో దీనికోసం హై మైలేజ్ అప్పీల్ అని విడిగా ఫారమే ఉంటుంది.

రెండోది మీ ఫొటోలోనే కనిపించింది. మోడల్ పేరు పక్కన ఏడబ్ల్యూడీ అని మూడు అక్షరాలున్నాయి. అంటే నాలుగు చక్రాలకీ శక్తి అందే రకం, ముందొక మోటారు, వెనకొక మోటారు. మీది ఏదో మీరు రాయలేదు. కారు కొన్న కాగితాలు తీసి చూడండి. మీది ఒక మోటారు రకమైతే కౌంటీ మీ కారుకి బదులు ఇంకో ఖరీదైన కారుకి విలువ కట్టినట్టే. ఎలక్ట్రిక్ కార్లలో ఇది చిన్న విషయం కాదు. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకే పేరు, ఒకే ఆకారం, కానీ బ్యాటరీ పెద్దదా చిన్నదా, మోటార్లు ఎన్ని అన్నదాన్ని బట్టి వేలల్లో తేడా ఉంటుంది. దీనికి బిల్లు మీదున్న వీఐఎన్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు) నంబరూ, డ్యాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే నంబరూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూడండి. మొత్తం 17. పదోది మోడల్ సంవత్సరం చెబుతుంది, 2022 అయితే అక్కడ ఎన్ ఉండాలి, పి ఉంటే 2023. ఏడాది పొరపాటు పడినా విలువ మారిపోతుంది. ఈ రకం తప్పు దొరికితే మైలేజ్ కంటే ఇదే ముందు రాయండి. అభిప్రాయాలకి తావులేని తప్పు కదా, సరిచేయక తప్పదు.

బ్యాటరీ బలం తగ్గింది అని కూడా కొందరు రాస్తుంటారు. ఫుల్ చార్జింగ్‌కి ముందు 300 మైళ్లు చూపించేది, ఇప్పుడు 275 చూపిస్తోంది అని. అది వయసుతో వచ్చేది, ఆ వయసు కారు విలువలో కలిసే ఉంటుంది. నా మాట వింటే దాని జోలికి పోకండి. బ్యాటరీ నిజంగా పాడై, సర్వీస్ సెంటర్ రాసిచ్చిన ఎస్టిమేటు జనవరి 1 లోపలిది ఉంటే అది వేరే కథ.

ఎంత మిగులుతుందో కూడా లెక్క వేసుకుందాం, లేకపోతే శ్రమకి అర్థం ఉండదు. మీ వైపు రేటు వంద డాలర్లకి నాలుగు డాలర్ల పైచిలుకు. లెక్క తేలిగ్గా ఉండటానికి నాలుగే అనుకుందాం. మైలేజ్ కింద విలువ మూడు వేలు తగ్గితే మీకు 120 డాలర్లు. రిలీఫ్ మొదటి 20 వేల మీదే అన్నాను కదా, మీ విలువ 31 వేలు కాబట్టి తగ్గే మూడు వేలూ రిలీఫ్ లేని పై భాగంలోంచే తగ్గుతాయి, పూర్తి రేటు మిగులుతుంది. అదే 18 వేల విలువ కారుకి మూడు వేలు తగ్గితే, అందులో కొంత ఎలాగూ రాష్ట్రం భరించేదే కాబట్టి, మిగిలేది ఇంకా తక్కువ. కారు రకంలో తప్పు కూడా దొరికితే 200 పైన ఉండొచ్చు. పైగా ఒకసారి సరైన రకం రికార్డుల్లోకి ఎక్కితే కారు ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ అదే. కాబట్టి ఒక సాయంత్రం గంట కూర్చోవడానికి ఇది తగినదే, లాయరు దగ్గరికి వెళ్లడానికి మాత్రం కాదు.

రాయడం ఎలా అంటారా. నేను మొదటిసారి అప్పీల్ చేసినప్పుడు రెండు పేజీలు రాశాను. కార్ల ధరలు ఎలా పడిపోయాయో, మా ఇంటి ఖర్చులేంటో, ఈ టాక్స్ ఎంత అన్యాయమో, అంతా. ఒక్క లైనులో "మార్పు లేదు" అని జవాబు వచ్చింది. మళ్లీ చదివితే ఆ రెండు పేజీల్లో మైళ్ల అంకె ఎక్కడా లేదు! మరుసటి ఏడాది ఐదు వాక్యాలు రాశాను, పని జరిగింది. మీ అకౌంట్ నంబరు, వీఐఎన్ మొదటి వాక్యంలో. 2025 జనవరి 1 విలువ గురించి అడుగుతున్నామని రెండోది. రికార్డులో ఈ రకం అని ఉంది, మా కారు ఈ రకం, కాగితం జత చేశాం అని మూడోది. నవంబర్‌లో ఇన్ని మైళ్లు, జనవరి ఫలానా తేదీన ఇన్ని మైళ్లు, రసీదులు జత చేశాం, మైలేజ్ తగ్గింపు ఇవ్వగలరు అని నాలుగోది. విలువ కట్టడానికి ఏ పుస్తకం, అందులో ఏ ధర వాడారో తెలపగలరు అని ఐదోది. ఈ చివరిది ఎందుకంటే, ఒకే పుస్తకంలో ట్రేడ్-ఇన్ ధర (మన పాత కారుకి డీలరు ఇచ్చేది) ఒకటి, డీలరు అమ్మే ధర ఒకటి, ఇలా చాలా వరుసలుంటాయి. మీరు దేంతో పోల్చుకోవాలో తెలుస్తుంది.

కౌంటీని బట్టి ఇది కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ అనే ఎన్నికైన అధికారి ఆఫీసుకి వెళ్తుంది. ఫెయిర్‌ఫాక్స్‌లో అయితే టాక్స్ అడ్మినిస్ట్రేషన్ శాఖకి. ఫోన్ చేసి బతిమాలడం, గట్టిగా మాట్లాడటం రెండూ దండగ. ఫోన్ ఎత్తినవాళ్లు మీ కారుని చూసి విలువ కట్టలేదు. వేల కార్లకి ఒకేసారి పుస్తకంలోంచి ఎక్కించేశారు. రాతలోనే అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి.

గడువు గురించి. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు అసెస్‌మెంట్ సరిచేయమని ఆ టాక్స్ సంవత్సరం చివరి రోజు నుంచి మూడేళ్ల దాకా అడగొచ్చు. కానీ మైలేజ్ ఫారాలకి కౌంటీలు తమ సొంత తేదీలు పెట్టుకుంటాయి, అందుకని ఈ వారమే పంపించేయండి. మూడేళ్ల మాట మీకు ఇంకోలా పనికొస్తుంది. మీ ఇంట్లో ఇంకో కారు ఉంటే దాని పాత బిల్లులు కూడా తీసి రకం, ఏడాది సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. వాళ్లు కాదంటే సర్క్యూట్ కోర్టుకి వెళ్లే దారి ఉంది. కాకపోతే విలువ ఎక్కువ వేశారని నిరూపించే బాధ్యత మీదే. 120 డాలర్ల కోసం ఆ గుమ్మం ఎక్కమని నేను చెప్పను.

ఇది చదివే వేరే రాష్ట్రాలవాళ్లకి ఒక మాట. ఇదంతా వర్జీనియా లెక్క, అలాగే ఎత్తి మీ దగ్గర వాడకండి. నార్త్ కరోలినాలో, మన క్యారీ, మోరిస్‌విల్ వాళ్లకి, ఈ టాక్స్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ నోటీసులోనే కలిసి వస్తుంది. టాక్స్ కట్టాల్సిన గడువు తేదీ నుంచి 30 రోజుల్లోపే విలువ మీద అప్పీల్ చేయాలి, టాక్స్ ముందు కట్టాలి. కనెక్టికట్‌లో 2024 అక్టోబర్ నుంచి పద్ధతే మారింది. కారు కొత్తగా ఉన్నప్పటి కంపెనీ ధర తీసుకుని ఏడాదికింత అని తగ్గించుకుంటూ పోతారు. 2023 జనవరిలో టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్‌ని 65,990 నుంచి ఒక్కసారిగా 52,990కి దించింది కదా, అంతకుముందు తయారైన కార్లవాళ్లకి మార్కెట్లో విలువ పడిపోయింది. వర్జీనియాలో ఏటా కొత్త మార్కెట్ ధర తీసుకుంటారు కాబట్టి ఆ పతనం బిల్లులోకి దానంతటదే వస్తుంది. కనెక్టికట్‌లో పాత కంపెనీ ధరే ఆధారం కాబట్టి రాదు. అక్కడ మార్కెట్ పడిపోయిందని వాదించి లాభం లేదు, కంపెనీ ధర సరైన రకానిదే తీసుకున్నారా అన్నది చూసుకోవాలి.

మీకు చివరగా ఒక పని. ఈసారి టైర్లు కాపాడాయి, వచ్చేసారి ఆ రసీదు ఉండదు. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మీకు నవంబర్‌లో వస్తుంది కాబట్టి డిసెంబర్ ఆఖర్లో టైర్ల రొటేషన్ పెట్టుకోండి, ఎలాగూ చేయించాల్సిందే. రసీదు మీద మైళ్లు రాశారో లేదో షాపులోనే చూసుకోండి. జనవరి 1 పొద్దున గుడికి బయల్దేరేటప్పుడు, కారు స్టార్ట్ చేయగానే, తేదీ, మైళ్లు రెండూ కనిపించేలా స్క్రీన్ ఫొటో ఒకటి తీసి మీ ఆయనకి కూడా పంపేయండి.